చెత్త మన పరిధిలోకి రాదు

...అయినా మంత్రిగారు అన్నదాంట్లో తప్పేముంది, అనుకున్నాడు అన్వేష్. వాసన వస్తువులో ఉండదు, మనసులో ఉంటుంది. మొన్న మేడ్చల్ సభలో మైకు పట్టుకుని ఆయన ఈ మాట మూడుసార్లు చెప్పారు. మూడోసారికి జనం చప్పట్లు కొట్టారు. ఆలోచిస్తే నిజమే. ముక్కు ఏ వాసననైనా కొంతసేపే పట్టించుకుంటుంది, తర్వాత వదిలేస్తుంది. తన ముక్కు పుట్టినప్పటినుంచీ జవహర్‌నగర్ చెత్తగుట్ట పక్కనే ఉంది కాబట్టి ఎప్పుడో వదిలేసి ఉండాలి. వదిలేసిందా? అలాగైతే ఈ చొక్కాకు వాసన వస్తోందో లేదో ఎవరు చెప్పాలి? ఇరవై ఆరేళ్ల మనిషికి తన వాసన తనకే తెలియకపోవడం గురించి మంత్రిగారు ఏమీ చెప్పలేదు.

కింద ఏదో పడిపోయినట్టు వంగి, కాలర్ వాసన చూసుకున్నాడు. సెంటు వాసన. దానికింద ఏముందో తెలియలేదు.

అతను కూర్చున్నది శామీర్‌పేట రోడ్డు మీద నరసింహన్న ఫంక్షన్ హాల్లో. నలభై దేశాల ప్రభుత్వాలకు సలహాలిచ్చే ఒక కన్సల్టింగ్ కంపెనీ, పెద్దమనసు చేసుకుని, ఈ ప్రాంతపు వాసన విషయంలో కూడా సలహా ఇవ్వడానికి ఒప్పుకుంది. ప్రాజెక్టు పేరు 'సుగంధ దిగంతం'. ఆ పేరు పెట్టడానికి మూడు నెలలు పట్టిందని పేపర్లో వచ్చింది. నాలుగో నెలలో స్థానిక యువతకు ఉద్యోగాలిస్తామని ప్రకటించారు. ఐదో నెలలో, అంటే ఇవాళ, ఇంటర్వ్యూలు. నిన్నటి పెళ్లికి కుర్చీలకు తొడిగిన తెల్లగుడ్డలు, వెనక కట్టిన ఎర్ర రిబ్బన్లు ఇంకా విప్పలేదు. పన్నెండు మంది అభ్యర్థులు వాటిలో కూర్చుని, భోజనాలకు ఎప్పుడు పిలుస్తారా అని చూసే మగపెళ్లివారి చుట్టాల్లాగా ఉన్నారు.

పన్నెండు మందిలో అన్వేష్‌ది మొదటి ర్యాంకు. కంపెనీవాళ్లు పంపిన మెయిల్లో స్పష్టంగా ఉంది. అతనికి మింగుడుపడనిది అదే. ఇంజనీరింగ్‌లో నాలుగు సబ్జెక్టులు రెండోసారి రాసి గట్టెక్కాడు. ఇప్పటికి ముప్పై ఒక్క ఇంటర్వ్యూలకు వెళ్లాడు. సూరారంలో ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్‌గా ఉన్న కాంట్రాక్టు నెలాఖరుకు అయిపోతుంది. ఆ తర్వాత ఏమీ లేదు. నలభై దేశాలు చూసినవాళ్లకు తనలో ఏదో కనిపించి ఉంటుంది, తనకు కనిపించనిదేదో. వారం రోజులుగా తనలో అదేమిటో వెతుక్కుంటున్నాడు.

"మీదెక్కడ?" అని అడిగింది పక్క కుర్చీలో అమ్మాయి. మెడలో కార్డు మీద సృజన అని ఉంది.

"సైనిక్‌పురి దిక్కు."

"మాది కూడా సైనిక్‌పురి దిక్కే."

ఇద్దరూ పొద్దున జవహర్‌నగర్‌లో ఒకే బస్సెక్కారు. ఆ విషయం ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ చెరోవైపు చూస్తూ కూర్చున్నారు. ఆమెనుంచి కూడా ఘాటుగా సెంటు వాసన వస్తోంది. అటు పక్కనున్న హరీష్ అనే అబ్బాయినుంచి అంతకన్నా ఘాటుగా వస్తోంది. హాలంతా పన్నెండు రకాల సెంట్లు.

మొదటి రౌండు గ్రూప్ డిస్కషన్. పెళ్లి స్టేజీ మీదే పెట్టారు. పెళ్లికొడుకు సింహాసనంలో నరసింహన్న కూర్చున్నారు. ఆయన సుగంధ కమిటీ చైర్మన్. ఒకప్పుడు నలభై ఎకరాల రైతు, ఇప్పుడు అవే ఎకరాలను ప్లాట్లుగా చేసి ప్రజలకు పంచుతున్నారు. లాల్‌గడి మలక్‌పేట్‌లో తన వెంచర్ హోర్డింగు మీద 'ఇచ్చట గాలి పీల్చవచ్చును' అని రాయించిన దూరదృష్టి ఆయనది. పెళ్లికూతురు సింహాసనంలో కంపెనీ హెచ్చార్ మేనేజర్ లిఖిత.

"టాపిక్ ఏంటంటే," అంది లిఖిత, "వాసన: సవాలా, అవకాశమా? టైమ్ పది నిమిషాలు. ఫ్రీగా మాట్లాడండి."

ఒక సన్నటి కుర్రాడు ఫ్రీగా మాట్లాడాడు. "మేడం, గా చెత్త అక్కడినుంచి తీసేస్తే..."

లిఖిత చాలా తియ్యగా నవ్వింది. "థాంక్యూ సో మచ్. మీకు కింద లంచ్ అరేంజ్ చేశాం."

పదకొండు మందీ ఆ కుర్రాడు మెట్లు దిగేదాకా చూశారు. తర్వాత డిస్కషన్ స్థాయి పెరిగింది. వాసనను తెచ్చేది గాలి కాబట్టి చెత్తను అనడం అన్యాయమని హరీష్ వాదించాడు.

"శభాష్!" అన్నారు నరసింహన్న. "గాలి ఏ డిపార్ట్‌మెంట్ కిందికొస్తదో అరుసుకోండ్రి."

వాసన వల్ల ఈ ప్రాంత ప్రజల్లో ఐకమత్యం పెరిగిందని, అందరూ ఒకేసారి కిటికీలు మూస్తారని సృజన చెప్పింది. అన్వేష్ వంతు వచ్చింది. నోరు తెరిచాడు. తన నోట్లో ఎవరో ముందే వచ్చి కూర్చుని ఉన్నట్టు, వాళ్లు మాట్లాడారు.

"వాసన ఒక ఫ్యాక్ట్ కాదు, ఫీడ్‌బ్యాక్. ఫీడ్‌బ్యాక్‌ను మేనేజ్ చెయ్యవచ్చు."

నరసింహన్న సింహాసనం మీదినుంచి లేచి చప్పట్లు కొట్టారు. అన్వేష్‌కు సంతోషం కలిగింది. ఆ సంతోషం తనదా, నోట్లో ఉన్నవాళ్లదా అనేది తేల్చుకునే తీరిక లేకపోయింది. అతన్ని లోపలికి పిలిచారు.

రెండో రౌండు పెళ్లికూతుర్ని ముస్తాబు చేసే గదిలో. చుట్టూ బల్బులున్న పెద్ద అద్దం, దాని అంచుకు ఎవరో అంటించి మరిచిపోయిన మూడు బొట్టుబిళ్లలు. అద్దానికి వీపు పెట్టి కంపెనీ పార్ట్‌నర్ శ్రీనివాసరావు గారు కూర్చున్నారు. అటూ ఇటూ లిఖిత, నరసింహన్న.

"కూర్చో బాబూ. టెన్షన్ పడకు," అన్నారు శ్రీనివాసరావు గారు, గోదావరి జిల్లా మెత్తదనంతో. "కేసు ఇదీ. వాసన మీద హెల్ప్‌లైన్‌కు నెలకు మూడు వేల ఫిర్యాదులొస్తున్నాయి. ఎలక్షన్లు దగ్గరపడుతున్నాయి. మార్చికల్లా మూడు వందలు కావాలి. నువ్వైతే ఏం చేస్తావు?"

"రోజుకు చెత్త ఎంత వస్తుంది సార్?"

శ్రీనివాసరావు గారి ముఖం దిగులుగా అయింది. "బాబూ, చెత్త మన పరిధిలోకి రాదు. ఫిర్యాదు ఒక్కటే మన పరిధి."

"సారీ సార్."

"పర్లేదు. అందరూ మొదట అదే తప్పు చేస్తారు."

లిఖిత ల్యాప్‌టాప్ తిప్పి చూపించింది. సగానికి పైగా ఫిర్యాదులు పన్నెండు నంబర్లనుంచే వచ్చాయి. అన్నిటికన్నా పైనున్న నంబరునుంచి ఈ ఒక్క నెలలోనే రెండు వందల పదకొండు. వ్యక్తిగత గోప్యత కోసం మొదటి ఆరు అంకెల మీదా చుక్కలు పెట్టారు. చివర 4471.

చుక్కల కింద ఉన్న ఆరు అంకెలూ అన్వేష్‌కు కనిపించాయి. అది అమ్మ నంబరు.

అమ్మ పేరు పద్మమ్మ, తమ గల్లీలోని అంగన్‌వాడీలో ఆయా. గాలి మళ్లినప్పుడల్లా పిల్లలు పళ్లెం తోసేస్తారు. పళ్లెం తోసిన ప్రతి పిల్లకూ ఆమె బయటికొచ్చి ఒక ఫోన్ చేస్తుంది. ఇద్దరు తోస్తే రెండు ఫోన్లు. కలిపి చెప్పొచ్చు కదమ్మా అంటే, ఇద్దరివీ రెండు కడుపులు గద బిడ్డా అంటుంది.

శ్రీనివాసరావు గారి తలకు పైన, అద్దంలో, టై కట్టుకున్న ఒకడు జవాబు కోసం చూస్తున్నాడు. వాడు చాలా తెలివైనవాడిలా ఉన్నాడు. అన్వేష్ వాడికి దారి ఇచ్చాడు.

"ఈ నంబరును ఫిర్యాదుదారుగా చూడకూడదు సార్. భాగస్వామిగా చూడాలి."

"అంటే?"

"ఆ ఇంట్లోనే ఒకర్ని మన వైపు తెచ్చుకుంటే, ఫిర్యాదు ఇంట్లోనే ఆగిపోతుంది."

నరసింహన్న తొడ చరిచారు. "నేను జెప్పలే సార్? గీ పిలగాడే అని!"

శ్రీనివాసరావు గారి కళ్లు చెమర్చాయి. "మా లండన్ టీమ్ ఐదు నెలలు కూర్చుని ఇదే తేల్చింది బాబూ. నువ్వు నిమిషంలో చెప్పావు. లిఖితా, చూపించు."

లిఖిత ఇంకో పేజీ తెరిచింది. ఇవాళ్టి అభ్యర్థుల పట్టిక. ఒకటి, అన్వేష్, 211. రెండు, హరీష్, 164. మూడు, సృజన, 149. మూడో గడిలోవి మార్కులేమో అనుకున్నాడు అన్వేష్. పైన 'ఇంటివారీ ఫిర్యాదులు' అని ఉంది.

కాసేపు ఆ గడిని చూశాడు.

"నా సీవీ సార్..."

"చాలా బాగుంది. తీరిగ్గా చూడాలి."

"అడ్రస్ మాత్రం తప్పు రాశారు," అంది లిఖిత. "మేం కరెక్ట్ చేశాం."

ఉద్యోగం పేరు రెసిడెంట్ పర్సెప్షన్ అసోసియేట్. పర్మనెంటు. శ్వాసకు సంబంధించినవి తప్ప అన్ని జబ్బులకూ కుటుంబమంతటికీ బీమా.

"పనేంటి సార్?"

"ఇంట్లో ఉండాలి."

"అంతేనా?"

"అదే కష్టమైన పని బాబూ," అన్నారు శ్రీనివాసరావు గారు.

ఆయన ఒక కాగితం ముందుకు జరిపారు. ఒక్క పేజీ హామీపత్రం. నా ఇంటి సభ్యులకు ఎటువంటి వాసనా రాదనీ, వచ్చినచో బయట చెప్పరనీ ఇందుమూలముగా. సంతకానికి కింద చుక్కల గీత. మూత తీసిన పెన్ను.

"ఒక్క ఫార్మాలిటీ ఉంది," అంది లిఖిత. "లైవ్ డెమో. ఈ నెల ఆ నంబర్ నుంచి ఇప్పుడే రెండు వందల పన్నెండోది వచ్చింది. మీరు మాట్లాడి క్లోజ్ చేస్తే, సైన్ చేసెయ్యొచ్చు."

"మీ అమ్మ నాకు అక్క లెక్క తమ్మీ," అన్నారు నరసింహన్న. "మస్తు గట్టి మనిషి. జర నిమ్మలంగ మాట్లాడు."

హెల్ప్‌లైన్ ఫోను బల్ల మీద పెట్టి, ఆ నంబరు కలిపి స్పీకర్ నొక్కారు. అమ్మ రెండో రింగుకే ఎత్తింది.

"నమస్కారమండీ. సుగంధ దిగంతం నుంచి మాట్లాడుతున్నాము," అన్నాడు అన్వేష్. అది రేడియోలో వార్తలు చదివే గొంతు. తనలో అలాంటిదొకటి ఉందని అతనికి ఇంతవరకు తెలియదు. "వాసన వల్ల మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

"కొత్త సారున్నట్టున్నడు. నిన్నటి మేడం మానేసిందా?" అంది పద్మమ్మ. వెనక పిల్లల ఏడుపులు వినబడుతున్నాయి. "నాకేం అసౌకర్యం సారూ, నా ముక్కు ఎప్పుడో సచ్చింది. పోరగాండ్లకు. ఇయ్యాల తొమ్మిది మందొస్తె ఆర్గురు గుడ్డు ముట్టలే. ఒక పిల్లైతె కక్కింది. రాసుకున్నరా?"

"నమోదు చేసుకుంటున్నాము."

"నిన్న గూడ గట్లనే అన్నరు. రాస్తుంటె సప్పుడైతది గద సారూ? నాకు ఇనవడ్తలేదు."

అన్వేష్ ల్యాప్‌టాప్ వైపు చూశాడు. తెర మీద రెండు మీటలున్నాయి. ఒకటి 'పరిష్కరించబడింది'. రెండోది 'పరిష్కరించబడుతోంది'. రాయడానికి ఎక్కడా చోటు లేదు.

లిఖిత చీటీ మీద రాసి చూపించింది: ఎమోషనల్ కనెక్ట్.

"అమ్మా, మీ ఇంట్లో... చదువుకున్న పిల్లలు ఉన్నారా?"

"ఉన్నడు ఒక్కడు. ఇయ్యాలనే ఇంటర్వ్యూకు పోయిండు, పెద్ద కంపెనీ. ఫస్టు ర్యాంకంట సారూ! వాడు అన్నం తినేటప్పుడు తలుపులేసుకుంటడు గని, ఏమనడు. చిన్నప్పుడు వాడు గూడ గిట్లనే పళ్లెం నూకుతుండె. గప్పుడు ఫోన్ జేసెతందుకు నంబర్ లేకుండె." వెనకెవరినో ఊరుకోబెట్టింది. "వాని ముచ్చటెందుకు గని, కక్కిన పిల్ల పేరు రాసుకోండ్రి. తృప్తి. మూడేండ్లు. పొద్దుమీకి వాళ్లమ్మొచ్చి అడుగుతది, ఫోన్ జేసినవా అక్కా అని. నేనేం జెప్పాలె?"

శ్రీనివాసరావు గారు గడియారం వైపు చూసి, మొదటి మీటను వేలితో చూపించారు. నరసింహన్న హామీపత్రాన్ని మరికాస్త దగ్గరికి నెట్టి, సంతకం చెయ్యాల్సిన చోట గోరు ఆనించారు.

"సారూ? ఉన్నరా? రాస్తున్నరా?"

అన్వేష్ పెన్ను తీసుకున్నాడు. నరసింహన్న గోటి కిందినుంచి కాగితాన్ని లాగి, తిరగేశాడు. వెనకవైపు తెల్లగా ఉంది. ఫోనును దాని పక్కకు జరుపుకున్నాడు.

"పేరు మల్లొకసారి జెప్పు అమ్మా," అన్నాడు, ఇంట్లో మాట్లాడే గొంతుతో.

అవతల పిల్లల ఏడుపు ఒక్కటే వినిపిస్తోంది. తర్వాత చాలా మెల్లగా, "తృప్తి," అంది పద్మమ్మ.

అన్వేష్ పెన్నును గట్టిగా ఒత్తి, చప్పుడయ్యేలా రాయడం మొదలుపెట్టాడు.