నల్ల నురుగు

ఆ రోజు పొద్దున్నే గేదె పాలు పితికి, పదకొండిళ్లకూ పోసి, ఆపైన బస్సెక్కి బందరులో మాట్నీ చూసి రావాలని సౌభాగ్యమ్మ అనుకుంది. పెడనలో ఆమె పాలకు పేరుంది. చుక్క నీళ్లు కలపనని ఆమె రోజూ ఒట్టు పెట్టుకునేది. మేష్టారు శంకరరావు రోజూ చెంబులోకి చూసి నిట్టూర్చేవాడు.

తీరా పాకలోకి వెళితే, రాత్రి పలుపు తెంపుకుని ఊరు తిరిగొచ్చిన గేదె నిలబడలేక తూలుతోంది. నోటి వెంట నల్లటి నురుగు కారుతోంది. దారిన పోతున్న ఆసుపత్రి కాంపౌండరు పిచ్చేశ్వరరావు గోడ మీంచి తొంగిచూశాడు. అడిగినా అడక్కపోయినా వైద్యం చెప్పడం ఆయనకు వ్రతం.

"పిచ్చికుక్క కరిచిందండీ. నిన్న దీని పాలు తాగినవాళ్లందరికీ బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు," అన్నాడు.

పావుగంటలో పదకొండిళ్ల వాళ్లూ పాక ముందు చేరారు. శంకరరావు గొంతు తగ్గించి, "పాలల్లో నీళ్లు కలిస్తేనో?" అని అడిగాడు.

కాంపౌండరు వేళ్ల మీద లెక్కేశాడు. "నీళ్లను బట్టి సూదులు తగ్గుతాయి. సగం నీళ్లయితే ఏడు."

అంతే, ఇన్నాళ్లూ నీళ్ల పాలని సణిగినవాళ్లంతా సౌభాగ్యమ్మను బతిమాలడం మొదలుపెట్టారు.

"కాసిని నీళ్లు పోశానని ఒక్క మాట అనండి. మీకు పుణ్యముంటుంది," అన్నాడు శంకరరావు.

"ప్రాణం పోయినా అననండీ. పన్నెండేళ్ల పేరు నాది," అంది సౌభాగ్యమ్మ. ఆమెకున్నదల్లా ఆ గేదె, ఆ పేరు. పేరు పోతే గేదె ఉండీ లాభం లేదు.

అప్పుడు పక్కింటి నాగమల్లేశ్వరి ఏడో నెల కడుపు మీద చెయ్యి వేసుకుని, "బొడ్డు చుట్టూ అంటే బిడ్డకు తగలదా పిన్నిగారూ?" అని ఏడ్చేసింది. సౌభాగ్యమ్మ మనసు కరిగిపోయింది.

"సగం," అంది తల వంచుకుని.

"ఏడు," అన్నాడు కాంపౌండరు.

నాగమల్లేశ్వరి ఏడుపు ఆపలేదు.

"ముప్పాతిక."

"మూడున్నర."

"ఇంకొంచెం గుర్తు తెచ్చుకోండమ్మా," అన్నాడు శంకరరావు.

"ఏడవకే తల్లీ. నీ చెంబులో తెలుపు తప్ప పాలెక్కడివి? అంతా కాలవ నీళ్లే," అంది సౌభాగ్యమ్మ.

"అయితే అక్కర్లేదు," అని కాంపౌండరు తేల్చేశాడు.

అందరూ ఊపిరి పీల్చుకుంటుండగా, వెనకవీధిలో కలంకారీ అద్దకం చేసే ధనుంజయరావు ఖాళీ కుండతో వచ్చాడు. "ఇనప ముక్కలూ బెల్లమూ వేసి ఇరవై రోజులు పులియబెట్టిన నల్లరంగండీ. రాత్రి మీ గేదె కుండెడూ తాగేసింది," అన్నాడు. గేదెకు పట్టింది పిచ్చి కాదు, కైపు.

పుణ్యానికి పోతే పాపం ఎదురైంది. జనం గేదెను వదిలేసి సౌభాగ్యమ్మ వైపు తిరిగారు. కాంపౌండరు ఆసుపత్రికి వేళయిందంటూ జారుకున్నాడు. నాగమల్లేశ్వరి ఒక్కతే వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

సాయంత్రానికి గేదె తేరుకుంది. మూడు రోజులు పాలు మానేసి, నాలుగో రోజున శంకరరావు చెంబు అందిస్తూ, "నీళ్లు మేం పోసుకుంటామండీ, మీరు పాలు పోయండి చాలు," అన్నాడు.