మునగని ఇల్లు

ఆ ఉదయం ఇంటాయన చేయాల్సిన పని ఒక్కటే. టీ తాగుతూ కూతురికి నౌకాదళం ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పాలి. పది గంటలకు ఆ పిల్లకు నౌకాదళంవారి ఇంటర్వ్యూ ఉంది. ఆయన ఇరవై ఏళ్లకు పైగా ఓడలో పనిచేసి నిరుడే రిటైరయ్యాడు కనుక చెప్పడానికి ఆయనకంటే తగినవాడు లేడు. చిక్కల్లా ఏమిటంటే, ఆ నాలుగు మాటలూ కష్టాల గురించే ఉండాలని భార్య పొద్దున్నే చెవిలో వేసింది. సుఖాల గురించే ఉండాలని కూతురు మాట తీసుకుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆయన ఇద్దరికీ సరేనన్నాడు.

వీధిలో అందరూ ఆయన్ని కెప్టెన్‌గారంటారు గానీ, నిజానికి ఆయన ఇంజను గది మెకానిక్కు. ఓడ అడుగున నూనె మరకల మధ్య బతికినవాడు, సముద్రం మీద అన్నేళ్లున్నా సముద్రాన్ని చూసింది తక్కువ. అక్కణ్ణుంచి ఇంటికి తెచ్చుకున్నవి పెన్షనూ, ఒక అలవాటూ. ఓడలో ఏ గదిలోంచి బయటికొచ్చినా తలుపు మూసి గడియ వేయాలి. లేకపోతే ఒక గదిలోకొచ్చిన నీళ్లు ఓడంతా పాకుతాయి. అందుకని రిటైరవగానే ఇంట్లో ప్రతి తలుపుకూ లోపలా బయటా గడియలు బిగించాడు. మనది మేడమీది వాటా, ఇక్కడికి నీళ్లెలా వస్తాయని భార్య అడిగి చూసింది. ఓడ కూడా మునిగేదాకా మునగదు అన్నాడాయన.

సరే, వంటింట్లో బల్ల దగ్గర ముగ్గురూ కూర్చున్నారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"జీతం ఒకటో తారీఖున ఠంచనుగా పడుతుంది."

కూతురు నవ్వింది. భార్య గిన్నె ఠపీమని కింద పెట్టింది.

"కానీ ఖర్చు పెడదామంటే చుట్టూ ఉప్పునీళ్లే."

ఈసారి భార్య నవ్వింది, కూతురి మొహం మాడింది. ఇక ఆయన మాట అటూ ఇటూ ఊగడం మొదలైంది. ప్రపంచమంతా చూడొచ్చన్నాడు, చూసేది మాత్రం రేవుల్నేనని, అవన్నీ ఒకేలా ఉంటాయని అన్నాడు. తోటివాళ్లు ప్రాణాలిస్తారన్నాడు, గురకలూ పెడతారన్నాడు. కూతురికి విసుగొచ్చింది.

"ఇంతకీ వెళ్లమంటావా నాన్నా, వద్దంటావా?"

"గాలి ఎటు వీస్తోందో చూసొస్తా," అని ఆయన లేచి హాల్లోకి జారుకుని, బీరువాలో ఏమీ లేనిదాన్ని కాసేపు వెతికాడు. కూతురు విసవిసా వెళ్లి తన గదిలో పడింది. వాళ్లతోనే ఉండే అమ్మమ్మ, అంటే భార్య తల్లి, అప్పటికే స్నానాలగదిలో దూరింది. భార్య వంటింట్లోనే ఉండిపోయింది.

మనసు బాగాలేనప్పుడు మనిషిని అలవాటే నడిపిస్తుంది. బీరువా వదిలిన ఆయన దారిలో కనిపించిన తలుపులన్నీ మూసుకుంటూ పోయాడు. వంటింటి తలుపు మూసి గడియ పెట్టాడు. కూతురి గది మూసి గడియ పెట్టాడు. స్నానాలగదికీ అంతే. చివరికి బాల్కనీలోకి వెళ్లి ఆ తలుపూ లాగాడు. దానికి లాగితే లోపల తనంతట తానే పడే గడియ బిగించుకున్నాడు. అది టక్కున పడింది. నలుగురి ఫోన్లూ హాల్లో ఛార్జింగులో ఉన్నాయి. ఇప్పుడా ఇంటిని ఏ సముద్రంలో దించినా మునగదు.

ముందుగా తలుపు లాగి చూసింది కూతురు. ఇంకెవరు, అమ్మే అనుకుంది. ఇంటర్వ్యూకి పోనివ్వకుండా ఇంత పని చేస్తుందా అని అరవడం మొదలుపెట్టింది. వంటింట్లో తల్లి కూడా తలుపు లాగి, నేను అడ్డుపడతానని ఈ పిల్ల నన్నిక్కడ బంధించి చెక్కేస్తోంది అనుకుంది. రెండు మూసిన తలుపుల మధ్య ఖాళీ హాలు మీదుగా మహా యుద్ధం జరిగింది. చిన్నప్పుడు ఈతకు పంపకపోవడం నుంచి మొన్న జుట్టు కత్తిరించుకోవడం దాకా అన్నీ బయటికొచ్చాయి.

"నా తలుపు తియ్యవే ముందు!"

"నువ్వు నాది తియ్యమ్మా!"

ఇద్దరూ ఒక్కసారే ఆగిపోయారు.

"నాన్న," అంది కూతురు.

"ఇంకెవరు," అంది తల్లి.

స్నానాలగదిలో అమ్మమ్మకు ఈ గొడవేమిటో అర్థం కాలేదు. బయట గడియ పడ్డ చప్పుడు విని దొంగలే అని తేల్చుకుని, లోపలి గడియ కూడా వేసేసుకుంది. ఇంటర్వ్యూకి వేసుకోవలసిన తెల్ల చొక్కా ఆ తలుపు వెనక కొక్కేనికే వేలాడుతోంది.

బాల్కనీలో ఇంటాయన యుద్ధం విన్నాడు. తన గురించే అయ్యుంటుందని, చల్లారేదాకా రాకూడదని నిలబడ్డాడు. తర్వాత తలుపు కదపబోతే కదల్లేదు. కొట్టినా, పిలిచినా కింద రోడ్డు రొదలో ఎవరికీ వినిపించలేదు. అప్పుడు తీగ మీది రెండు తువ్వాళ్లు తీసుకుని, ఓడల మీద జెండాలతో కబురు చెప్పేవాళ్లలా చేతులు ఊపడం మొదలుపెట్టాడు. ఆ విద్య ఆయనకు రాదు. ఎదుటి మేడవాళ్లు ఇదేదో కొత్త వ్యాయామమనుకుని తువ్వాళ్లు తెచ్చుకున్నారు.

ఇటు తల్లి గరిటెల మధ్యనుంచి స్క్రూడ్రైవరు తీసింది. ఆ ఇంట్లో స్క్రూడ్రైవరు ఉండేచోటు అదే. కుళాయి పగిలినప్పుడు ఆయన సముద్రంలో ఉన్నాడు. కప్పు కారినప్పుడు సముద్రంలోనే. పిల్ల పుట్టినప్పుడు కూడా. కాబట్టి అన్ని పనులూ ఆవిడకే వచ్చాయి. తలుపు బందులు ఊడదీసి, తలుపును గోడకు ఆనించి, హాల్లోకి వచ్చి కూతురి గది ముందు నిలబడింది.

గడియారం చూసింది. ఇంకో పావుగంట ఊరుకుంటే చాలు, ఇంటర్వ్యూ పోతుంది. పిల్ల ఇంట్లోనే ఉంటుంది, పాపం గడియదవుతుంది. ఆవిడ చెయ్యి గడియ మీదే ఆగింది. మళ్లీ ఇంకొకరి కోసం ఎదురుచూసే బతుకు వద్దనుకుంది గానీ, వెళ్లాలనుకున్న మనిషిని గదిలో పెట్టడం ఆవిడ వల్ల కాలేదు. గడియ తీసింది.

"వద్దని నేను చెప్తా, నువ్వు వినకు. అది మనిద్దరి గొడవ. మధ్యలో ఈ గడియెవరు?"

చొక్కా కోసం కూతురు స్నానాలగది గడియ తీసి పిలిస్తే, మనవరాలి గొంతు పెట్టినంత మాత్రాన మోసపోయేదాన్ని కాదు పొమ్మని అమ్మమ్మ లోపల్నుంచి కేకేసింది. రేడియో తీసుకెళ్లండి, కళ్లద్దాలు మాత్రం వదిలెయ్యండి అని కూడా చెప్పింది. వేళ మించిపోతోంది. తల్లి తన పనిబట్టలు తెచ్చింది. అవి ఒకప్పటి ఆయన ఇంజను గది బట్టలే, మెడనుంచి మడమదాకా ఒకే నీలం ముక్క. కూతురు వాటిలో దూరి చేతులు నాలుగు మడతలు పెట్టింది. ఆయన ఎటు పోయాడో వెతికే తీరిక లేక ఇద్దరూ స్కూటరెక్కారు.

ఇంటర్వ్యూలో ముగ్గురు అధికారులు ఆ బట్టల వంక చూసి సంగతేమిటని అడిగారు. పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది. ఒకాయన నవ్వాపుకుంటూ, నౌకాదళం ఉద్యోగంలో లాభమేమిటి, నష్టమేమిటి అన్నాడు.

"లాభం, ఇంట్లో ఉన్నవాళ్లకి అన్ని పనులూ వచ్చేస్తాయండి. నష్టం, వెళ్లినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు రిటైరై ఇంటికొస్తారండి."

ఇద్దరు పగలబడి నవ్వారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. వచ్చే నెల ఆయన రిటైరవుతున్నాడు. కానీ కాగితం మీద సంతకం పెట్టి, చేరమని చెప్పింది ఆయనే.

తల్లీకూతుళ్లు ఇల్లు చేరేసరికి అమ్మమ్మ గుమ్మంలో ఎదురొచ్చింది. దొంగ బాల్కనీలో చిక్కాడని, తువ్వాళ్లు కూడా చేతిలోనే ఉన్నాయని, పొద్దుణ్ణుంచీ తలుపు బాదుతున్నా తియ్యలేదని, మొహం కూడా చూడకుండా తెర లాగేశానని గర్వంగా చెప్పింది. కూతురు పరుగెత్తి తలుపు తీసింది. ఎండకు ఆయన మొహం ఎర్రగా కందిపోయింది. ఓడలో అన్నేళ్లూ ఆయనకు అంత ఎండ తగల్లేదు.

"ఇంటర్వ్యూ పోయిందామ్మా? నా వల్లే కదూ?" అన్నాడు.

ఉద్యోగం వచ్చిందని కూతురు చెప్పింది. ఆయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. భార్య వంక చూశాడు, ఏమంటుందోనని.

"లోపలికి రండి," అంది ఆవిడ. "తలుపు మాత్రం తీసే ఉంచండి. మునిగితే అందరం కలిసే మునుగుదాం."

ఎదుటి మేడవాళ్లు తువ్వాళ్లు మడిచి, రేపు ఎన్నింటికని అడిగారు.