మూత తియ్యనివాళ్ళకు ఒక దండం

విస్కీని తాగేవాడు మూర్ఖుడు! కోప్పడకండి, నేను మద్యనిషేధం వాణ్ణి కాను. విస్కీ కొనాలి, అద్దాల బీరువాలో పెట్టాలి, దాని నెత్తిన ఒక బుల్లి లైటు వెలిగించాలి. తాగడమేమిటండీ, చోద్యం కాకపోతే!

ఈ కొత్త నాగరికత ఎంత మేలు చేసిందో మా బావ వ్యాపార చరిత్ర వింటే మీకే తెలుస్తుంది. ఆయన విస్కీ కాచడు. పరాయి దేశాల్లో కాచినవాళ్ళ దగ్గర మంచి పీపాలు ఏరి కొని, ఓడలో తెప్పించి, సీసాల్లో నింపి, తన లేబుల్ అంటించి అమ్ముతాడు. మొదట్లో ఇదంతా ఒక రేకుల షెడ్డులో సాగేది. ఆయన గరాటు పట్టుకుంటే మా అక్క లేబుళ్ళకి జిగురు రాసేది. ఒక్క లేబులూ తిన్నగా అంటుకుంటే ఒట్టు!

ఆ రోజుల్లో కొన్నవాళ్ళు తాగేవాళ్ళు. ఎంత అనాగరికం! తాగి ఊరుకునేవాళ్ళా? మర్నాడే షెడ్డుకొచ్చి, "ఏం పీపా తెచ్చావయ్యా, పొగ వాసన తప్ప రుచే లేదు" అని దులిపేసేవాళ్ళు. బావ తలొంచుకుని విని, తర్వాతి పీపా ఇంకాస్త జాగ్రత్తగా ఎంచేవాడు. అలా చీవాట్లు తిని తిని పేరు సంపాదించాడు, పాపం.

ఇప్పుడా బాధ లేదు. సరుకు వెబ్‌సైట్‌లో పెట్టీ పెట్టగానే ఖాళీ! కొన్నవాళ్ళు సీసాకి ఫొటో తీసి, రేటు పెరిగాక అమ్ముకోవచ్చని బీరువాలో పెట్టి తాళం వేసేస్తారు. కాలేయాలు క్షేమం, కాపురాలు క్షేమం. పార్టీల్లో ఎవడూ పాత ప్రేమకథ ఎత్తుకుని ఏడవడు. డాక్టర్లు ఈగలు తోలుకుంటున్నారు. "రుచి ఎలా ఉందండీ?" అని బావ ఫోన్ చేసి అడిగితే, "రేటు బ్రహ్మాండంగా ఉంది సార్!" అంటారు. ఇంతకంటే ఏం కావాలి?

మొన్నటి సరుకు ఆయన జన్మలోకెల్లా గొప్పదని అంతా మెచ్చుకున్నారు. కొన్నాళ్ళకి మా అక్క, ఇంట్లో మిగిలిన సీసా మూత తీసి వాసన చూసి, "ఏమండీ, ఇది విస్కీయా, తడిసిన రబ్బరు చెప్పా?" అంది. బావ ఒక గుక్క తాగి కూలబడ్డాడు. నింపేటప్పుడు వాడిన కొత్త పైపు వాసన సరుకంతటికీ పట్టేసింది! అన్ని సీసాలు అమ్ముడైతే ఒక్కడూ కిక్కురుమనలేదు. అనాలంటే నోట్లో చుక్క పడాలిగా!

బావ నిజాయితీపరుడు. "తప్పు నాదే. సీసా తెచ్చివ్వండి, డబ్బు వాపసు ఇస్తాను" అని ప్రకటించాడు. ఒక్క సీసా వెనక్కి రాలేదు. పైగా దానికి 'రబ్బరు ఎడిషన్' అని పేరు పెట్టుకుని రేటు రెట్టింపు చేశారు! ఈసారి కూడా అదే పైపు వాడమని మెసేజులు!

"అదృష్టమంటే నీదే బావా" అన్నాను.

"నేను మంచి పీపా ఎంచానో, చెడ్డది ఎంచానో ఇక నాకెవరు చెబుతార్రా?" అన్నాడు. అప్పట్నుంచి పాత షెడ్డులో, రుచి చూడమని పరాయి దేశాల నుంచి పంపిన పీపాల నమూనాల ముందు కూర్చుంటున్నాడు. ఏదీ ఎంచడు. నాకు భయంగా ఉంది.

అయ్యా, అమ్మా, మీ బీరువాలో మా బావ సీసా ఉంటే దయచేసి మూత తియ్యండి. ఒక్క గుక్క తాగండి. వెంటనే ఆయనకి ఫోన్ చేసి, నోరారా నాలుగు తిట్లు తిట్టండి. మనిషి బతుకుతాడు.