రోడ్డు వైపు గోడ

మానవ నాగరికత చక్రంతో మొదలైందని పుస్తకాల్లో రాసినవారెవరూ కొండ కింద వేరుశనగ వేసినవారు కాదు. నాగరికత కంచెతో మొదలైంది. ఇక్కడిదాకా నాది, అవతల నీది అని మొదటి మనిషి గీత గీసిన రోజునే హోదా, పరువు, పంచాయితీ, కోర్టు వాయిదా వరసగా పుట్టుకొచ్చాయి. కాబట్టి కంచె అంటే పంటకు కాపలా అనుకోవడం వట్టి అజ్ఞానం. కంచె అంటే మనిషి తన గురించి నలుగురికీ చెప్పుకునే మాట.

ఈ మహాసత్యాన్ని గుండ్లవంక గ్రామంలో కనిపెట్టినవాడు ఓబుళరెడ్డి.

జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే దారిలో ఆయనకు ఆరెకరాల చేను ఉంది. ముందు తారురోడ్డు, వెనక వాన నీళ్ళు పారే వంక, వంక అవతల కొండ. చేను నిండా వేరుశనగ. కాయ ఊరింది. పీకడానికి ఇంకా ఇరవై రోజులుంది. బోరులో నీళ్ళు అడుగంటాయి గనక ఈ పంట పోతే మరో పంట వేసే ఆశ లేదు. ఇవన్నీ ఆయనకు తెలిసిన సంగతులే. కాయ ఊరిన సంగతి మాత్రం కొండలోని అడవి పందులకు కూడా తెలిసింది. మూడు రాత్రుల్లో అర ఎకరా దున్నేశాయి. ట్రాక్టరు పెట్టినా అంత శుభ్రంగా రాదు.

"కంచె వేస్తా. కంచె చూసి రైతును చెప్పొచ్చప్పా. నా కంచె చూసినోడు పది ఊర్లు చెప్పుకోవాల" అని టీ అంగడి దగ్గర ప్రకటించాడు ఓబుళరెడ్డి.

ప్రకటించినప్పుడు ఆయన తల మీద ఆయన బొమ్మే ఉంది. నిరుడు తల్లి వెంకటసుబ్బమ్మ మొదటి వర్ధంతికి కట్టించిన బ్యానరు అది. ఐదు వందల మంది ఆడవాళ్ళకు ఐదు వందల ధర్మవరం పట్టుచీరలు పంచినట్టు దాని మీద పెద్దక్షరాల్లో ఉంటుంది. ఫోటోలో బాగా పడాలని చీరలన్నీ ఒకే రకం తెచ్చాడు. చిలకపచ్చ రంగు, ఎర్ర అంచు. ఎవరూ అమ్ముకోకుండా ప్రతి చీర లోపలి అంచున తల్లి పేరు, ఆ కింద ఇంకాస్త పెద్దగా తన పేరు అచ్చు వేయించాడు. ఏడాది తిరిగినా ఊళ్ళో ఒక్కరి ఒంటి మీదా ఆ చీర కనిపించలేదు.

"దాచిపెట్టుకున్నారు పాపం. పట్టు గదా" అని ఆయనే అందరికీ చెప్పేవాడు. వినేవాళ్ళు కూడా ఎంతో మర్యాదగా తల ఊపేవారు.

కంచె పనిలో మొదటి అడుగుగా ఆయన గ్రామ సచివాలయంలోని వ్యవసాయ సహాయకుడు సుధీర్‌ను పిలిపించాడు. సుధీర్ చేను చూశాడు, గుంతలు చూశాడు, ఫోన్ చూశాడు.

"నష్టానికి అర్జీ పెట్టొచ్చన్నా. ఫోటో కావాల."

"తీసినా గదా, గుంతలవి."

"గుంతలు ఎవరైనా తవ్వుకోవచ్చు. పంది కనపడాల. పందీ, చేనూ, మీరూ ఒకే ఫోటోలో ఉంటే పని బిరీన అయితాది."

"పందిని నిలబడమని ఎవురు చెప్పాల?"

"అది రూల్సులో రాయలేదన్నా."

"సోలార్ కంచెకు అర్జీ పెట్టింటిమే, అదేమాయె?"

"పరిశీలనలో ఉంది."

"ఎవరు పరిశీలిస్తాండారు?"

"అది కూడా పరిశీలనలోనే ఉందన్నా" అని సుధీర్ నిజాయితీగా చెప్పి బండెక్కాడు.

ఆ సాయంత్రం భార్య స్వర్ణలత అన్నం వడ్డిస్తూ ఒక మాట అంది. "ఏమయ్యా, జ్ఞానమ్మ టీచరు చేను చుట్టూ చీరలు కట్టిందంట. ఒక్క పంది కూడా పోలేదంట. గాలికి ఆడతాంటే మనుషులున్నారనుకొని పారిపోతాయంట. మనమూ కడదాం."

ఓబుళరెడ్డి ముద్ద నోటి దాకా పోయి ఆగిపోయింది.

"ఓబుళరెడ్డి చేనికి చీరలా? పులివెందుల నుంచి వియ్యంకుడు కారులో వస్తాంటే ఆయన కండ్లకు నీ చీరలు కనపడాల్నా? ఆయన చీనీ తోటకు గ్రానైటు గేటుంది. నా చేనికి నీ పాత చీరలుంటాయా?"

"పందులకు గ్రానైటు తెలుసునా?"

"వియ్యంకునికి తెలుసు" అన్నాడు ఓబుళరెడ్డి. వాదన అక్కడితో ముగిసింది.

మర్నాడు ప్రొద్దుటూరు. షాహుల్ అంగడిలో కంచె సామాను తప్ప ఇంకేమీ ఉండదు. ముప్పై ఏళ్ళుగా జిల్లా సరిహద్దులన్నీ తన చేతి మీదుగా పోయాయని అతనికి కొంచెం గర్వం. ముళ్ళ తీగ చుట్టలు, ఇనుప జాలీ, గట్టున పాతే రాతి కూసాలు, సోలార్ పెట్టెలు, ముక్కలు తెచ్చి నిలబెట్టే రెడీమేడ్ సిమెంటు గోడలు, అన్నీ చూపించాడు.

"ముందు ఒక మాట చెప్పు రెడ్డన్నా. కంచె పందులకా, మనుషులకా?"

"రెండూ ఒకటే గదా."

"కాదు. పంది కింద చూస్తాది, మనిషి పైన చూస్తాడు. పందులకైతే జాలీ తీసుకో. మూడడుగుల ఎత్తు సరిపోతాది. జానెడు భూమిలోకి పూడ్చాల, నాలుగు పక్కలా ఉండాల. మనుషులకైతే గోడ తీసుకో. ఏడడుగులుండాల, ఒక పక్క ఉంటే చాలు."

ఓబుళరెడ్డి జాలీ వైపు చూశాడు. మూడడుగుల జాలీ చూసి పది ఊర్లు ఏమని చెప్పుకుంటాయి? గోడ వైపు చూశాడు. గోడ కూడా ఆయన వైపే చూస్తున్నట్టు అనిపించింది.

"గోడ. రోడ్డు వైపు. పెద్ద గేటు. గేటు మీద రెండు సింహాలు" అన్నాడు.

"వంక వైపు?"

"అది తర్వాత చూద్దాం. ఆ పక్క ఎవురు పోతారు?"

"పందులు పోతాయి రెడ్డన్నా."

ఓబుళరెడ్డి వినిపించుకోలేదు. ఆయన చూపు మూలన పట్ట కప్పిన మూటల మీద పడింది. "అదేంది?"

షాహుల్ గబుక్కున వెళ్ళి మూటలకు అడ్డంగా నిలబడ్డాడు. "అది నీకొద్దులే రెడ్డన్నా. చిన్న రైతుల సరుకు. నీ స్థాయి కాదు."

ఆ మాటకు ఓబుళరెడ్డికి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. బేరం కూడా ఆడకుండా వచ్చేశాడు.

వారంలో గోడ లేచింది. ఆ వారంలో పందులు ఇంకో అర ఎకరా తీర్చాయి గానీ గోడ హడావుడిలో ఎవరూ పట్టించుకోలేదు. ఆదివారం వియ్యంకుడి చేత గేటు తెరిపించారు. టెంకాయ కొట్టారు. పూలు చల్లారు. సింహాల మెళ్ళో దండలు వేశారు. ఫోటోగ్రాఫరు ఓబుళరెడ్డిని రెండు సింహాల మధ్య నిలబెట్టి, "కొంచెం నవ్వండి సార్, మూడూ ఒకే రకంగా ఉన్నాయి" అన్నాడు.

వియ్యంకుడు గేటును తట్టి చూశాడు, సింహాలను నిమిరి చూశాడు. తర్వాత మునివేళ్ళ మీద లేచి గోడ అవతలికి చూడబోయాడు.

"గేటు శానా బాగుంది బావా. చేను యాడుంది?"

ఓబుళరెడ్డి దాన్ని పొగడ్త కిందనే జమకట్టుకున్నాడు.

సోమవారం పొద్దున చేను దగ్గరికి పోయి చూస్తే కథ వేరుగా ఉంది. పందులు ఎప్పటిలాగే వంక వైపు నుంచి వచ్చాయి. ఎప్పుడూ అయితే మేసినంత మేసి, రోడ్డు దాటి అవతలి బీళ్ళలోకి పోయేవి. ఈసారి దారిలో ఏడడుగుల గోడ అడ్డం వచ్చింది. ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు గోడ వెంబడి తిరిగి తిరిగి, పోయే దారి కనపడక, ఆకలైనప్పుడల్లా తింటూ తెల్లారే దాకా అక్కడే ఉన్నాయి. గోడ బ్రహ్మాండంగా పనిచేసింది. ఒక్క పంది కూడా రోడ్డు మీదికి పోలేదు.

ఆరెకరాల్లో నాలుగు మిగిలాయి. ఓబుళరెడ్డి గట్టు మీద కూలబడ్డాడు. పీకడానికి ఇంకా పన్నెండు రోజులుంది. రోజుకింత పోతే చివరికి తనకు మిగిలేది రెండు సింహాలే అని ఆయనకు మొదటిసారి అర్థమైంది.

మధ్యాహ్నం, ఊరు కునుకు తీసే వేళ చూసుకొని, కారు తీయకుండా వంక వెంబడి నడిచి జ్ఞానమ్మ చేనికి పోయాడు. మూడో తరగతిలో ఆయనకు ఎక్కాలు నేర్పిన టీచరు జ్ఞానమ్మ. పింఛను వచ్చాక వంక మలుపులో ఉన్న రెండెకరాలు తనే చేయించుకుంటోంది. ఆ వైపు చేలను ఓబుళరెడ్డి ఎప్పుడూ కారులోంచి చూడడమే. కారు అద్దాలు నల్లవి. వాటిలోంచి చూస్తే ఏ చేనికి కట్టిన చీరైనా నల్లగానే కనిపిస్తుంది.

నడిచి దగ్గరికి పోయేసరికి రంగు తెలిసింది.

చిలకపచ్చ. ఎర్ర అంచు. చేను నాలుగు పక్కలా కట్టెలు పాతి, ఒకదాని కొసకు ఒకటి ముడేసి కట్టిన అరవై చీరలు. గాలి వచ్చినప్పుడల్లా సర్రుమని లేచి ఆడుతున్నాయి. లేచినప్పుడల్లా లోపలి అంచున వెంకటసుబ్బమ్మ పేరు, ఆ కింద ఇంకాస్త పెద్దగా ఓబుళరెడ్డి పేరు తళుక్కుమంటోంది.

"ఏమప్పా ఓబుళరెడ్డీ, ఎండన పడి నడిచొచ్చినావే" అంది జ్ఞానమ్మ, నీళ్ళ చెంబు అందిస్తూ. "మీ అమ్మ పుణ్యాన ఈ ఏడు కాయ దక్కిందప్పా."

ఆయన నీళ్ళు తాగాడు. ఇంకో చెంబు తాగాడు. "టీచరమ్మా, ఇవి కట్టుకునేదానికి ఇచ్చినవి గదా" అన్నాడు, గొంతు తగ్గించి.

"కట్టుకున్యాం, ఒకసారి. అబద్ధమెందుకు. చర్చికి కట్టుకొనిపోతే కూర్చున్నంతసేపూ ఒళ్ళంతా చుర్రుచుర్రుమన్నింది. కరెంటు పట్టినట్టు. పాస్టరమ్మకు చెయ్యి తగిలితే ఆయమ్మ కూడా ఉలిక్కిపడింది. మనుషులే తట్టుకోలేకపోతిమి, పందులేం తట్టుకుంటాయిలే అని, చేలు లేనోళ్ళవి కూడా అడిగి తెచ్చి ఈడ కట్టినా."

"పట్టు గదా, అట్ల..."

జ్ఞానమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది. మూడో తరగతిలో ఎక్కం తప్పు చెప్పినప్పుడు కూడా ఇలాగే సర్దుకునేది. "పట్టుచీర అయితే గాలికి లేవదప్పా. నూలుచీరైతే మంచుకు తడిసి వాలిపోతాది. దీనికి తడి అంటదు, రంగు పోదు, చప్పుడు జాస్తి. కంచెకు దీన్ని మించిన గుడ్డ లేదు. నువ్వు యాడ వెతికి తెచ్చినావో గానీ ఊరంతా నీ పేరే చెప్పుకుంటాంది."

"ఊరంతానా?"

"ఐదు వందలు ఇస్తివి గదా. ఈ ఏడు అందరూ కట్టుకున్యారు, చేలకు. అందుకే కొండలోని పందులన్నీ నీ చేనికి వస్తాండాయి. వాటికీ కడుపుంది గదప్పా. చీరలు కట్టనిది నీ ఒక్క చేనే."

ఓబుళరెడ్డి వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. తను పంచిన దానం ఊరి పంటంతా కాపాడి, కొండ పందుల్నన్నిటినీ తన చేనిలోకి తోలిందన్న లెక్క ఆయనకు మెల్లగా తేలింది. ఆ లెక్క నేర్పింది కూడా ఈ టీచరమ్మే.

"ఒక ఎనభై చీరలు ఇప్పించు టీచరమ్మా. పన్నెండు దినాలు. మళ్ళీ ఇచ్చేస్తా."

"ఎవరిస్తారప్పా? కాయ పీకేదాకా ఎవురూ విప్పరు. అంత విలువైన చీర" అంది జ్ఞానమ్మ.

ఇంకో గంటకు ఓబుళరెడ్డి ప్రొద్దుటూరులో షాహుల్ అంగడి ముందు కారు దిగాడు. లోపల ఇద్దరు రైతులు ముళ్ళ తీగ బేరమాడుతున్నారు. ఆయన వాళ్ళను దాటుకొని మూల దగ్గరికి పోయి, "ఆ చిన్న రైతుల సరుకు చూపించు" అన్నాడు.

షాహుల్ ఆయన ముఖం చూశాడు. పట్ట లాగాడు. చిలకపచ్చ. ఎర్ర అంచు. మూటలు మూటలు.

"ఇది ఉండగా మొన్న నాకు గోడ అమ్ముతావా?"

"మొన్న ఇది చూపించింటే నా అంగట్లో నిలబడేవాడివా రెడ్డన్నా? నువ్వు నిరుడు కొన్న అంగట్లోనే తెచ్చినా. నేనేం కనిపెట్టలేదు. పల్లెల నుంచి రైతులొచ్చి ‘ఓబుళరెడ్డి రకం ఉందా’ అని అడుగుతాండిరి. కమలాపురం నుంచి కూడా వస్తాండారు. కిలోల లెక్క. ఎన్ని కిలోలు కట్టమంటావు?"

"నాలుగెకరాలకు, మూడు పక్కలా."

"రోడ్డు వైపు?"

"ఆ పక్క గోడుంది."

షాహుల్ తూకం వేశాడు. బిల్లు పుస్తకం తెరిచి, "కంచె సామాను అని రాయనా?" అన్నాడు.

ముళ్ళ తీగ రైతులిద్దరూ బేరం ఆపి ఇటే చూస్తున్నారు. ఓబుళరెడ్డి కండువా సర్దుకున్నాడు.

"పట్టుచీరలు అని రాయి. ధర్మవరం."

షాహుల్ పెన్ను ఆగింది. "ఇది పందులకా, మనుషులకా రెడ్డన్నా?"

"సరుకు పందులకు. బిల్లు మనుషులకు" అన్నాడు ఓబుళరెడ్డి.

కారు ఇంటి ముందు ఆగేసరికి స్వర్ణలత వాకిట్లోనే ఉంది. మూటలు చూసింది. బిల్లు తీసుకొని వెలుతురుకు పెట్టి చదివింది. ఆమె ముఖం విచ్చుకుంది.

"ధర్మవరం పట్టు. ఇన్ని కొన్నావే, ఒకటి నాకియ్యి. వచ్చే గురువారం పులివెందులలో వియ్యంకుని ఇంట్లో గృహప్రవేశముంది. కట్టుకొని పోతా."

ఆమె చెయ్యి మూట మీద పడింది. ఓబుళరెడ్డి ఆ చెయ్యి పట్టుకొని వెనక్కి తీశాడు. వాకిలి అవతల ఎవరైనా ఉన్నారేమోనని చూసుకున్నాడు. ఎవరూ లేరు.

"వద్దులే" అన్నాడు మెల్లగా. "ఒళ్ళంతా చుర్రుమంటాదంట."