భీముడి నెత్తురు చెప్పిన సాక్ష్యం

“నా పేరు వింటే సాలు రబ్బానీ, మైదుకూరులో ఉన్న నేరమంతా ప్రొద్దుటూరు బస్సెక్కుతాది!” అని ప్రకటించాడు జ్ఞానరాజు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. తనకు తాను బిరుదిచ్చుకున్న అపరాధ పరిశోధకుడు.

పంక్చరు వేస్తున్న రబ్బానీ ట్యూబును నీళ్లలో ముంచాడు. బుడగలొచ్చాయి.

“నేరం సంగతేమో గానీ, నీ మాటకు గాలి మాత్రం పోతాందప్పా.”

అంతలో పక్కవీధి రామలక్ష్మమ్మ ఏడుపు ముఖంతో వచ్చింది. ఆమె కుక్క భీముణ్ణి ఎర్రగుంట్ల నుంచి తెచ్చుకునేటప్పుడు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయిందనీ, బుద్ధిమంతుడనీ ఇచ్చినవాళ్లు చెప్పారు. ఆ బుద్ధిమంతుడు రోజూ గోడ దూకి ఆడకుక్కల వెంట కడప రోడ్డెక్కుతున్నాడు. నిన్న లారీ కింద పడబోయి వెంట్రుకవాసిలో బతికాడు.

“డాక్టరమ్మ నెత్తురు తీసి పరీక్షకు పంపింది సార్. మగ హార్మోను శానా ఉండాదంట! ఆపరేషనైన కుక్కకు అంత ఉండకూడదంట. యాడనుంచి వస్తాందో ఆమెకే తెల్లేదు. వీడు ఇట్లే తిరిగితే నాకు దక్కడు సార్.”

రబ్బానీకి జాలేసింది. మాస్టారికి మాత్రం పండగొచ్చింది.

“ఎవరో ఎక్కిస్తాండారు! ఇది అంతర్రాష్ట్ర హార్మోను ముఠా! భీముడికి తిండి పెట్టే బయటోళ్లు ఎవరమ్మా?”

“పాల బొజ్జన్న పొద్దున్నే బన్ను పెడతాడు. అంతే.”

మర్నాడు పొద్దున రబ్బానీని వెంటబెట్టుకొచ్చిన మాస్టారు గోడచాటు నుంచి దూకి బొజ్జన్న చేతిలో బన్ను లాక్కున్నాడు. కొరికి, కళ్లు మూసుకుని, గంభీరంగా నమిలాడు.

“రబ్బానీ! ఇందులో మగతనం ఉండాది!”

“యాలక్కాయ ఉండాది సార్,” అన్నాడు బొజ్జన్న.

మాస్టారు వినలేదు. మిగిలిన బన్నును జేబులో వేసుకుని, రబ్బానీ సైకిలు వెనకెక్కి, పశువుల ఆసుపత్రికి తొక్కించాడు. అక్కడ రామలక్ష్మమ్మ తీసుకొచ్చిన భీముణ్ణి తడిమి చూడటానికి డాక్టరు యామిని తంటాలు పడుతోంది. నెత్తురు తీయడానికి కాలైతే ఇస్తాడు గానీ, పొట్ట కింద ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వడు.

“ఆపండి! నేరస్థుడు నా జేబులో ఉండాడు!” అంటూ మాస్టారు లోపలికి దూసుకెళ్లాడు.

భీముడికి బన్ను వాసన తగిలింది. ఒక్క దూకు దూకాడు. మాస్టారు వెల్లకిలా, ఆయన మీద భీముడు వెల్లకిలా. బన్ను భీముడి నోట్లో. ఆ తినే ధ్యాసలో కుక్క కదలకపోయేసరికి డాక్టరు చప్పున గజ్జల్లో తడిమింది. ఆమె చేతికి ఉండలా ఏదో తగిలింది.

“గడ్డా అమ్మా?” రామలక్ష్మమ్మ ముందుకు వంగింది.

“కాదమ్మా, వృషణం. కిందికి దిగకుండా ఈడనే ఆగిపోయినట్లుంది. కనబడిన ఒకటి తీసి, దీన్ని వదిలేసినట్టున్నారు. హార్మోను దీన్నించే వస్తాంది. ఉంచితే ముందుముందు క్యాన్సర్ కావచ్చు. వచ్చేవారం తీసేద్దాం. తిరుగుడూ తగ్గుతుంది, ప్రాణానికీ భయముండదు.”

రామలక్ష్మమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని నవ్వింది. “సార్ పుణ్యాన బతికినాడు!”

“దీన్ని మా శాస్త్రంలో నేలబారు దర్యాప్తు అంటారు,” అన్నాడు మాస్టారు, పడుకున్న చోటు నుంచే.

బన్ను ముగించిన భీముడు లేచి, ఒళ్లు దులుపుకుని, మాస్టారి భుజం వాసన చూశాడు. తర్వాత నింపాదిగా వెనక్కాలు ఎత్తాడు.

“కదలాకప్పా,” అన్నాడు రబ్బానీ. “మగ హార్మోను రుజువు అవుతాండాది.”