ఫెయిల్ నాట్

ఆ రోజు మరమగ్గాలు నడిచే సాంచాల కార్ఖానాకు సెలవు. పిల్లలను డుమస్ సముద్రతీరానికి తీసుకెళ్లి టమాటా భజియాలు తినిపించాలని బిక్షపతి అనుకున్నాడు. భార్య అనురాధ పిల్లలకు జడలు వేస్తుండగా, పనికోసం వలసొచ్చి కోసాడ్‌లో ఉంటున్న వాళ్ల మూడో అంతస్తు గది ముందుకు పోలీసు వచ్చాడు. సంతకం పెట్టించుకుని ఒక కాగితం చేతిలో పెట్టి పోయాడు. అది ఇంగ్లిషులో ఉంది. బిక్షపతి పదో తరగతి మూడుసార్లు రాస్తే మూడుసార్లూ ముంచింది ఆ ఇంగ్లిషే.

కింది అంతస్తులో ఉండే బ్రహ్మచారి అనే ఆయనకు ఇంగ్లిషు వచ్చు. ఆ భవనంలో అందరూ అలాగే అనుకుంటారు, ముఖ్యంగా బ్రహ్మచారి. అతను కళ్లజోడు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదివాడు.

"కోర్టు నుంచి వచ్చింది తమ్మీ. సాయికుమార్ కేసుల నువ్వు అపియర్ కావాల్నట."

"అపియర్ అంటే ఏందన్నా?"

"పదో తరగతికి ఎట్ల అపియర్ అయినవ్? గట్లనే. ఇగో, ఎగ్జామినేషన్ అని గూడ ఉన్నది. ఆఖరుకు చూడు, ఫెయిల్ నాట్. ఫెయిల్ కావొద్దని జడ్జే రాసిచ్చిండు."

డుమస్ ప్రయాణం అక్కడే ఆగిపోయింది.

సాయికుమార్ అతని పక్క సాంచాల మీద పనిచేసేవాడు. ఒకనాటి మధ్యాహ్నం ఒంటిగంటకు చీరల మూట దొంగిలించాడని అతని మీద కేసు పెట్టారు. నిజానికి ఆ వేళకు ఇద్దరూ కామ్‌రేజ్‌లో అద్దెగది చూస్తున్నారు. ఆ సంగతి సాక్ష్యం చెప్పగలిగినవాడు బిక్షపతి ఒక్కడే. ఇన్నాళ్లూ ఇంగ్లిషు వల్ల చెడింది తన చదువే. ఇప్పుడు తను తప్పితే స్నేహితుడు జైలుకు పోతాడు. ఆ ఆలోచనకే అతనికి అన్నం సహించలేదు.

మర్నాడు, బెయిలు మీద ఉన్న సాయికుమార్ తన వకీలు చెప్పిన కబురు మోసుకొచ్చాడు. "మొదాలు చీఫ్ ఎగ్జామ్ ఉంటదట. ఎన్క క్రాస్ ఎగ్జామ్. పనిబడితే రీ-ఎగ్జామ్ గూడ పెడ్తరట."

బ్రహ్మచారి వెంటనే అర్థాలు చెప్పాడు. "చీఫ్ అంటే పెద్దపరీక్ష. క్రాస్ అంటే తప్పులకు అడ్డగీతలు కొట్టుడు. రీ-ఎగ్జామ్ అంటే సప్లిమెంటరీ. సప్లిమెంటరీ ఉన్నది గద, జర ధైర్నంగుండు."

"నేను పోయిందే సప్లిమెంటరీలల్ల అన్నా."

బ్రహ్మచారి, కోర్టులో అడుగుతారనుకున్న ఇరవై నాలుగు ప్రశ్నలకు జవాబులు తయారుచేశాడు. బిక్షపతి వాటిని సాంచాల ముందు నిలబడి బట్టీపట్టాడు. ఆ ధ్యాసలో పోగు తెగింది చూసుకోలేదు, ఆరు మీటర్ల చీర పాడైంది. సేఠ్ వచ్చి ఏమైందని అడిగితే, "ఆ దినం ఒంటిగంటకు నేను కామ్‌రేజ్‌ల ఉన్న" అన్నాడు. సేఠ్ అతని నాలుగు సాంచాల్లో రెండు వేరేవాళ్లకు ఇచ్చేశాడు.

వాయిదా నాటి ఉదయానికి తొమ్మిదో జవాబు తర్వాతవన్నీ మరిచిపోయాడు.

"చిట్టీ రాస్కపో మరి," అంది అనురాధ. ఏ కాగితమూ పారేయని మనిషి ఆమె. బిస్కెట్ డబ్బాలో వెతికి ఒక పాత ముక్క తీసిచ్చింది. దాని వెనకవైపు బ్రహ్మచారి చీమతలకాయలంత అక్షరాలతో మిగిలిన జవాబులు రాశాడు. బిక్షపతి దాన్ని చొక్కా చేతి మడతలో దాచుకున్నాడు.

బోనెక్కాక చీఫ్ ఎగ్జామ్ బాగానే గడిచింది. తర్వాత సర్కారు వకీలు లేచి, కామ్‌రేజ్‌కు ఎందుకు వెళ్లారు, ఎవరు చూశారు, రుజువేమిటి అని హిందీలో గుచ్చిగుచ్చి అడిగాడు. ఇరవై నాలుగింటిలో ఇవేవీ లేవు. బిక్షపతి మెల్లగా చేతి మడత విప్పాడు.

"చేతిలో ఏమిటది?" అన్నాడు వకీలు.

బిక్షపతి కళ్లలో నీళ్లు తిరిగాయి. తనకొచ్చిన హిందీ అంతా కూడగట్టుకున్నాడు. "కాపీ కొట్టిన సాబ్. నన్ను డిబార్ చెయ్యిండ్రి. సాయికుమార్‌ను మాత్రం ఫెయిల్ చెయ్యకుండ్రి."

సాయికుమార్ తల పట్టుకున్నాడు. జడ్జి చీటీ తెప్పించుకుంది. తెలుగు అర్థంకాక రెండోవైపుకు తిప్పింది. అది వాళ్లు గది చూడబోయిన కామ్‌రేజ్ అపార్ట్‌మెంట్ల గేటు చీటీ. దొంగతనం నాటి తేదీ, బిక్షపతి, సాయికుమార్‌ల పేర్లు, లోపలికి పన్నెండూ ఇరవై, బయటికి రెండూ పది, కింద ముద్ర. సర్కారు వకీలు దాన్ని చదివి, ఇక ప్రశ్నలు లేవని కూర్చున్నాడు.

"ఇన్నాళ్లూ ఇది ఎక్కడుంది?" అంది జడ్జి.

"బిస్కెట్ డబ్బాల, మేడం."

పదిహేను రోజుల తర్వాత ఆ గేటు వాచ్‌మన్ కూడా వచ్చి చెప్పాక సాయికుమార్‌ను నిర్దోషి అని వదిలేశారు. కానీ బిక్షపతికి తన ఫలితం సాక్ష్యం చెప్పిన రోజే తెలిసింది. చీటీ మీద ముద్ర వేస్తూ గుమాస్తా, "మార్క్‌డ్, థర్టీ ఫైవ్," అని పైకి చదివాడు. కోర్టులో దాఖలైన ముప్పై ఐదో కాగితం అది.

బిక్షపతి, కోర్టు గేటు దగ్గర ఎదురుచూస్తున్న బ్రహ్మచారి దాకా పరిగెత్తాడు. "అన్నా, పాసైన. ముప్పయ్యైదు మార్కులు."

బ్రహ్మచారి ముఖం చిన్నబోయింది. "అంతగనం జెప్తే, బొటాబొటిగనేనా?"