పెరటి దవడ పనికిరాదు

తన చేతనైన పనిని తన చేత్తోనే చేసుకోవడమంత నామోషీ మరొకటి లేదు! ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ఆస్ట్రేలియాలోని మకాయ్ పట్నంలో ఒక మెషిన్ షాపులో పదకొండేళ్లుగా కొనుగోళ్ల బల్ల వెనక కూర్చుని, కొనీ కొనీ అరిగిపోయిన అనుభవంతో అంటున్నాను.

వైస్ అంటే మీకు తెలిసే ఉంటుంది. వస్తువును కదలకుండా బిగించి పట్టుకునే ఇనప సాధనం. దానికి రెండు దవడలుంటాయి. పట్టుకోవాల్సిన వస్తువు నలుచదరంగా ఉంటే ఏ దవడలైనా సరే. వంకరటింకరగా ఉంటే మాత్రం ఆ వంపుకు తగ్గట్టు చెక్కిన దవడలు కావాలి. లేకపోతే అది మెషిన్ మీద జారుతుంది, ఎగురుతుంది, ఒక్కోసారి మన నుదురు వెతుక్కుంటూ వస్తుంది.

వెనకటి రోజుల్లో ఈ దవడలను మా నోరీన్ జామిట్ చేసేది. లోహాన్ని చెక్కే మిల్లింగ్ మెషిన్ మీద ముప్ఫై ఏళ్లుగా ఉన్న మనిషి. రెండు అల్యూమినియం దిమ్మలు తీసుకునేది, వైస్‌కు బిగించేది, అక్కడికక్కడే వంపు చెక్కేసేది. ఉదయం టీ వేళకల్లా దవడలు తయారు! ఎంత అన్యాయం? ఒక కాగితం లేదు, ఒక సంతకం లేదు. ఆ షాపులో నేనొకణ్ణి ఏడ్చానన్న సంగతే ఎవరికీ గుర్తుండేది కాదు.

కిందటేడు మెల్‌బోర్న్‌లోని మా పెద్దాఫీసుకు జ్ఞానోదయమైంది. ఇకమీదట దవడలు షాపులో చేయరాదు, ఆమోదం పొందిన అమ్మకందారు దగ్గరే కొనాలి అని హుకుం వచ్చింది. "మెషినిస్టు సమయం విలువైనది" అని కారణం కూడా రాశారు. నిజమే కదా! ఆ విలువైన సమయాన్ని మావాళ్లు ఇప్పుడు ఏ పనికీ ఖర్చు పెట్టకుండా భద్రంగా దాచుకుంటున్నారు.

కొనడంలో ఉన్న సుఖం చెబితే అర్థం కాదు. ఆర్డరు పెట్టిన పదిహేను పనిదినాలకు దవడలొస్తాయి. ఈ లోపల మావాళ్లు బార్బెక్యూ పెనానికి తుప్పు వదిలించారు, ఒకాయన చేపల పడవకు రంగు వేశారు, ఎన్నడూ మాట్లాడుకోని ఇద్దరు పలకరించుకుని, నాలుగో రోజున మళ్లీ పోట్లాడుకున్నారు కూడా. ఇంత సంఘజీవనం నోరీన్ దవడల వల్ల సాధ్యమయ్యేదా?

పైగా, కొన్న దవడలకు లోకజ్ఞానం ఎక్కువ. ఒక జత సిడ్నీలో బయలుదేరి దేశానికి ఆ కొసనున్న డార్విన్ చుట్టి మా దగ్గరికొచ్చింది. నేనింతవరకు డార్విన్ మొహం చూడలేదు! వచ్చాక బిగించబోతే వెంట్రుకవాసి తేడా. "ఏ వైస్‌లో వాడతామో ఆ వైస్‌లో పెట్టే చెక్కాలయ్యా, అప్పుడే కుదురుద్ది" అంటుంది నోరీన్. పాతకాలపు మనిషి, ఏదో ఒకటి అంటూనే ఉంటుంది.

ఇలా సుఖంగా ఉండగా జూన్ వచ్చింది. చెరకు ఆడే కాలం. ఒక సోమవారం పొద్దున చక్కెర మిల్లు మరమ్మతులు చూసే కెరోడ్ వచ్చి, గుమ్మడికాయంతేసి, పోత పోసిన వంకరటింకర కంచు ముక్కలు ఆరు నా బల్ల మీద దబదబా పెట్టాడు. చెరకు రసం తోడే పంపుల మూతలవి. వాటిని కొలతకు చెక్కాలి.

"శుక్రవారానికి కావాలి ట్రెవ్. పొలాల్లో కోసిన చెరకు పులిసిపోతోంది. నీవల్ల కాదంటే ఇప్పుడే చెప్పు, టౌన్స్‌విల్ వాళ్లకిచ్చేస్తా. ఇదొక్కటే కాదు, మిల్లు పనంతా అక్కడికే పోద్ది."

మిల్లు పని పోతే మా షాపులో మొదట ఆగేది నోరీన్ మెషినే. నోరీన్ ఒక మూతను అటూ ఇటూ తిప్పి చూసింది.

"నలభై నిమిషాలివ్వు, దవడలు చెక్కేస్తా."

"కుదరదు నోరీన్. రూలు."

"ఆ రూలునే వైస్‌లో బిగించు. ఎటు కావాలంటే అటు వంగుద్ది, దానికి ప్రత్యేకం దవడలక్కర్లేదు!"

కానీ కంప్యూటర్ వంగదు. దవడలు కొన్నట్టు ఆర్డరు నంబరు పడితేగాని అది పని మొదలుపెట్టనివ్వదు. అందుకని నేను బాగా ఆలోచించి, నోరీన్‌నే అమ్మకందారుగా నమోదు చేశాను. మూడు కొటేషన్లు కావాలంది కంప్యూటర్. బేకరీ సంచి చింపి నోరీన్ మూడూ తనే రాసింది. "నోరీన్ జామిట్: మూడు లామింగ్టన్ కేకులు." "జామిట్ అండ్ డాటర్స్: రెండు కేకులు." ఆమెకు కూతుళ్లు లేరు, రెండు ఆడకుక్కలున్నాయి. "జామిట్ ఇంటర్నేషనల్: ఒక కేకు." తక్కువకు పాడిన వారికే పని ఇచ్చాను. నంబరు పడింది! సరుకు అందే గడువు మాత్రం పదిహేను పనిదినాలని కంప్యూటర్ తనంతట తానే రాసుకుంది.

ఆ గడువు సంగతి నోరీన్‌కు ఎవరూ చెప్పలేదు. టీ వేళకల్లా దవడలు చెక్కేసింది. మూత అందులో కూర్చుంటే కోడిపెట్ట గుడ్ల మీద కూర్చున్నట్టుంది. గురువారం సాయంత్రానికే ఆరూ పూర్తయ్యాయి. శుక్రవారం కెరోడ్ ఒక పళ్లెం నిండా లామింగ్టన్లు పట్టుకొచ్చాడు.

"ఏమ్మా నోరీన్, ఈ దవడలెక్కడ కొన్నారు? మేమూ ఓ జత తెప్పించుకుంటాం."

"డార్విన్ మీదుగా వస్తాయిలే" అంది నోరీన్, నోటి నిండా కేకుతో.

మిల్లు తిరిగింది. ఆ రోజు నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. కానీ సంతోషానికి కంప్యూటర్‌లో గడి లేదు.

పదిహేను పనిదినాలు గడిచాయి. "మీ దవడలు ఈరోజు అందాయి, తనిఖీ చేయండి" అంది కంప్యూటర్. చేశాను. నేను అబద్ధమాడే మనిషిని కాను. సరుకు కొత్తదా? కాదు. గీతలున్నాయా? ఉన్నాయి. ఇదివరకు వాడినట్టుందా? ఆరు మూతలకు వాడాం. క్షణంలో తీర్పు వచ్చింది: సరుకు తిరస్కృతం. వాడిన వస్తువును కొత్తదని అంటగట్టినందుకు జామిట్ ఇంటర్నేషనల్ పేరు జాబితాలోంచి కొట్టివేత. బదులు దవడలకు సిడ్నీకి ఆర్డరు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని పెద్దలు ఊరికే అన్నారా?

తిరస్కరించిన సరుకును రూలు ప్రకారం తుక్కులో పడేయాలి. మనసొప్పక, కాగితాలు ఎగరకుండా నా బల్ల మీద పెట్టుకున్నాను. నిన్న కెరోడ్ ఇంకో ఆరు మూతలు పంపాడు, గురువారానికి కావాలట. సిడ్నీ దవడలు డార్విన్‌లో ఉన్నాయి. నోరీన్ వచ్చి, నా బల్ల ముందు నిలబడి చెయ్యి చాపింది.

నేను నిబంధన తప్పే మనిషిని కాను. "తిరస్కరించేశాం నోరీన్. అవి ఇప్పుడు ఈ షాపులో లేవు" అని నలుగురికీ వినబడేలా చెప్పి, రెండు దవడలూ ఆమె చేతిలో పెట్టాను. ఫ్యాను గాలికి కాగితాలన్నీ ఎగిరిపోయాయి. వాటినేరడానికి సాయం వస్తానంది నోరీన్. వద్దన్నాను. మెషినిస్టు సమయం విలువైనదని పెద్దాఫీసే కదా చెప్పింది!